ఇంట్లో ఇంకెవరికి పరీక్ష చేశారు

ఇన్వర్‌కార్గిల్,
9 మార్చి 2025

వదినకి,

ఎలా ఉన్నావని అడగను. నిన్ననే ఫోన్‌లో అడిగాను. బానే ఉన్నామన్నావు. వెనక నుంచి అన్నయ్య కూడా బానే ఉన్నామన్నాడు. అభినవ్ ఫ్రిజ్ తలుపు వేసిన చప్పుడు కూడా వినిపించింది. మీ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది కాబట్టి ఇలా మెయిల్‌లో ఉత్తరం రాస్తున్నాను. ఇది నువ్వొక్కదానివే చదువు.

దేశం దక్షిణపు కొసన ఉన్న మా ఊళ్ళో అప్పుడే చలి మొదలైంది. క్లినిక్‌లో నా గదికి హీటరు ఉంది గానీ అది వేడెక్కేసరికి సగం మంది పేషెంట్లు వెళ్ళిపోతారు. ఈ నెల నుంచి నాకొక కొత్త చదువు కూడా మొదలైంది. నలభై నాలుగేళ్ళకి మళ్ళీ పరీక్ష. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి మాత్రలు రాయడానికి మా క్లినిక్‌లో అర్హత పత్రం కావాలి. ఈ దేశంలో చట్టం అడ్డు చెప్పదు, మాలాంటి మామూలు ఫ్యామిలీ డాక్టరు ఎవరైనా రాయవచ్చు. ఆస్ట్రేలియాలోనైతే ముందు కోర్సు చేయాలి, పరీక్ష పాసవ్వాలి, ప్రభుత్వం అనుమతించాలి. ఆ పద్ధతి మా పెద్ద డాక్టరుకి నచ్చింది. శిక్షణ పొందినవాళ్ళే ఈ మాత్రలు రాయాలని మా క్లినిక్ వరకు ఒక నియమం పెట్టాడు. అంతవరకూ పేషెంట్లు ఆసుపత్రి స్పెషలిస్టు కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. చట్టం ఒప్పుకున్నా ఇన్నాళ్ళూ నా చెయ్యి ఒప్పుకోలేదు. తెలిసీ తెలియని మందు రాస్తానేమోనని భయం. నా సంగతి నీకు తెలుసు కదా, పాలు పొయ్యి మీద పెట్టి కూడా పెట్టానా లేదా అని ఆలోచించే మనిషిని.

ముందు ఇంట్లో కూర్చుని చదివే పాఠాలు, తర్వాత స్పెషలిస్టుతో ఒక రోజంతా తరగతి, ఆ పైన పరీక్ష. పాసయ్యాక మన పేషెంట్ల కేసులు కొన్ని ఆ స్పెషలిస్టు ముందు పెట్టి, ఏం చేశామో ఎందుకు చేశామో చెప్పాలి. అప్పుడు పత్రం ఇస్తారు.

అసలు విషయానికొస్తాను. మూడో పాఠంలో ఒక ప్రశ్న ఉంది. పేషెంటు తల్లి, తోబుట్టువులు, భార్య లేక భర్త, పిల్లలు, ఇంట్లో ఇంకెవరికి పరీక్ష చేశారు? అది చదవగానే అమ్మ గుర్తొచ్చింది. చుక్క మందు ముట్టని మనిషి లివర్ కాన్సర్‌తో పోయింది. అప్పట్లో అందరూ ఖర్మ అన్నారు, నేనూ అన్నాను. ఈ హెపటైటిస్ బి కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వచ్చే జబ్బు, ముదిరితే కాలేయానికి కాన్సరు తెస్తుంది. లోపల ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. మెడికల్ కాలేజీలో చేరినప్పుడు నాకు పరీక్ష చేసి టీకాలు వేశారు. అన్నయ్య ఇంజనీరు, వాడికెవరు చేస్తారు?

వాడికి నేను చెబితే డాక్టరమ్మ మొదలెట్టిందంటాడు. నువ్వు చెప్పు. ఒక్క రక్త పరీక్ష చాలు. అందరూ ఒకేసారి చేయించుకుంటే ఇంకా మంచిది. ఆగస్టులో మీరు ఇక్కడికి వస్తున్నారు కదా, అప్పటికీ చేయించుకోకపోతే నేనే వరసగా కూర్చోబెట్టి సూదులు గుచ్చుతాను.

మీ
హేమ

&nbsp;

బోటనీ డౌన్స్,
16 మార్చి

హేమా,

ఇన్నేళ్ళకి ఆడపడుచు నుంచి ఉత్తరం వచ్చిందని మురిసిపోతూ తెరిస్తే రక్తం ఇమ్మంటున్నావు. మామూలుగా ఆడపడుచులు చీర అడుగుతారమ్మా.

మీ అన్నయ్య చేయించుకున్నారులే. ఆఫీసు వాళ్ళు ఏదో హెల్త్ చెకప్ పెడితే అందులో ఇదీ చేశారట. ఏమీ లేదన్నారు. నువ్వు ఆ విషయం వదిలేసి పరీక్షకి చదువుకో. అభినవ్‌కి పుట్టగానే అన్ని టీకాలూ వేయించాం, కార్డు ఉంది.

మా డేకేర్‌లో కొత్తగా ఇద్దరు కవలలు చేరారు. ఒకణ్ణి నిద్రపుచ్చేసరికి రెండోవాడు లేచి మొదటివాణ్ణి లేపుతాడు. సాయంత్రానికి నా నడుము నాది కాదు. పైగా ఒక మొక్కు పెట్టుకుని చప్పిడి తిండి తింటున్నాను. ఉప్పు లేదు, నూనె లేదు, తెల్లారగట్ల మజ్జిగ. మీ అన్నయ్య నా కంచంలోకి చూసి, ఆసుపత్రిలో కూడా ఇంతకంటే మంచి తిండి పెడతారన్నారు.

అన్నట్టు, మా డేకేర్‌లో ఒక పాప వాళ్ళమ్మకి నువ్వు చెప్పిన జబ్బే ఉంది. పాపం, నన్ను అడుగుతూ ఉంటుంది. మాత్రలు మొదలుపెట్టాక జన్మంతా వేసుకోవాలా? మధ్యలో కొన్నాళ్ళు ఆపితే ఏమవుతుంది? నీకు తెలుస్తుందని అడుగుతున్నాను, తొందరేం లేదు.

రమామణి వదిన

&nbsp;

ఇన్వర్‌కార్గిల్,
30 మార్చి

వదినా,

అన్నయ్య సంగతి చదివి గుండె మీద చెయ్యి వేసుకున్నాను. మళ్ళీ తీశాను. ఆఫీసు చెకప్‌లలో మామూలుగా ఈ పరీక్ష ఉండదు. ఉన్నా అందులో మూడు రకాలుంటాయి: ఇప్పుడు జబ్బు ఉందా, ఎప్పుడైనా వచ్చి పోయిందా, టీకా పట్టిందా. వాడికి ఏది చేశారు? ఆ రిపోర్టు ఫొటో తీసి పంపు. నా అనుమానం నన్ను నిద్రపోనివ్వదు.

తరగతి రోజు బాగా గడిచింది. మాకు చెప్పిన స్పెషలిస్టు పేరు ఫియోనా. ఒక కాగితం మీద అంకెలిచ్చి, ఈ మనిషికి మందు మొదలుపెడతారా, ఆగి చూస్తారా అంటుంది. అందరూ గబగబా చెప్పేస్తున్నారు. నేను మాత్రం వయసెంత, ఇంట్లో ఎవరికైనా కాన్సరుందా, వైరస్ ఎంతుంది అని అడుగుతూనే ఉన్నాను. అనుమానం కూడా ఒక అర్హతే అని నవ్వింది. నన్ను మెచ్చుకుందో వెక్కిరించిందో ఇంటికొచ్చాక కూడా తేల్చుకోలేకపోయాను.

ఆ పాప వాళ్ళమ్మకి నా మాటగా చెప్పు. డాక్టరు చెప్పకుండా మాత్రలు ఎప్పుడూ ఆపకూడదు. అణిగి ఉన్న వైరస్ ఒక్కసారిగా లేస్తుంది, కాలేయం వాచిపోతుంది. కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే తెలియదు, వారాలో నెలలో పడుతుంది. ఈ మధ్యలో మనిషి బాగానే ఉన్నాననుకుంటుంది. మొన్న పరీక్షలో సరిగ్గా ఇదే ప్రశ్న వచ్చింది. తానే మందు ఆపేసిన పేషెంటుకి మీరేం చేస్తారు? అన్నిట్లోకీ నేను అనుమానం లేకుండా టిక్కు పెట్టింది దానికొక్కదానికే.

ఆమె ఆపేసిందా ఏమిటి?

హేమ

&nbsp;

బోటనీ డౌన్స్,
13 ఏప్రిల్

హేమా,

రిపోర్టు నా దగ్గర లేదు. మీ అన్నయ్యని అడిగితే ఎందుకని అడుగుతారు. మమ్మల్ని నీ కోర్సులో కేసుగా రాస్తున్నావా? అలా అయితే ముందే చెప్పు, పౌడరు రాసుకుని కూర్చుంటాం. తమాషాకి అన్నాననుకోకు, సగం నిజంగానే అడుగుతున్నాను.

ఆవిడ ఆపి కొన్ని వారాలైందట. వేరే ఏదో మందు వాడుతోంది, అది పూర్తయ్యేదాకా ఇంగ్లీషు మాత్రలు ముట్టకూడదట. ఆ తర్వాత మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చా? ఒళ్ళు తేలిగ్గా ఉందంటోంది, కాస్త నీరసం తప్ప. మళ్ళీ ఆసుపత్రికి వెళితే ఎందుకు ఆపావని నిలదీస్తారు, ఇంటికి ఉత్తరాలొస్తాయి, ఫోన్లొస్తాయి. ఇంట్లో తెలియడం ఆవిడకి ఇష్టం లేదు. నీకు పత్రం వచ్చాక నువ్వే రాసివ్వకూడదా? ఇక్కడి మందుల షాపులో చూపిస్తే ఇచ్చేస్తారుగా. తెలిసినవాళ్ళ కోసం ఆమాత్రం చేయకూడదా?

అభినవ్ కారు నేర్చుకుంటున్నాడు. వాడు నడుపుతుంటే మీ అన్నయ్య లేని బ్రేకుని తొక్కుతుంటారు.

రమామణి

&nbsp;

ఇన్వర్‌కార్గిల్,
20 ఏప్రిల్

వదినా,

ఈ ఉత్తరం చదివి కోప్పడతావు. పడు, నాకూ కోపంగానే ఉంది.

నువ్వు రాసింది ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ఏ పాపా లేదు, ఆ పాప వాళ్ళమ్మా లేదు. బిడ్డని దింపి వెళ్ళే మనిషి నీతో ఇంత చెప్పుకోదు. అందుకని గురువారం అన్నయ్యకి ఆఫీసు నంబరుకి ఫోన్ చేశాను.

"రక్త పరీక్ష చేయించుకున్నావట?" అన్నాను.

"ఏం పరీక్ష?" అన్నాడు.

"వదిన చెప్పింది."

"మీటింగ్‌లో ఉన్నాను, సాయంత్రం మాట్లాడదాం" అని పెట్టేశాడు. సాయంత్రం చేయలేదు. నేను చేస్తే ఎత్తలేదు.

నాకు అర్థమైంది. అమ్మ నుంచి వచ్చింది వాడికి ఉంది, వాడికి తెలుసు. మాత్రలు వాడి ఆపేశాడు. నిన్ను అడ్డం పెట్టుకుని నన్ను ప్రశ్నలు అడిగిస్తున్నాడు. చిన్నప్పటి నుంచి వాడి పద్ధతే అంత, దెబ్బ తగిలితే అరుగు వెనక దాక్కునేవాడు. నువ్వెందుకు మోస్తున్నావు ఇదంతా? ముందు నువ్వు వెళ్ళి పరీక్ష చేయించుకో. ఇన్నేళ్ళు కాపురం చేశాక నీకూ అంటించే ఉంటాడు.

నేను రాసివ్వను. పరీక్ష పాసయ్యాను, ఫలితం మొన్ననే వచ్చింది. కేసుల చర్చ ఒక్కటే మిగిలింది. అదీ అయ్యాక కూడా రాయను. ఇంట్లోవాళ్ళకి మనం వైద్యం చేయకూడదని ఇక్కడ డాక్టర్లందరికీ చెప్పిన మాటే. ఎందుకు చెప్పారో ఇప్పుడు తెలుస్తోంది. ఇంత కోపంలో మందు ఏం రాస్తాను?

వాణ్ణి మీ డాక్టరు దగ్గరికి ఈ వారంలో తీసుకెళ్ళు.

హేమ

&nbsp;

బోటనీ డౌన్స్,
4 మే

డాక్టర్ హేమశ్రీ గారికి,

మీ ఉత్తరం అందింది. అందిన రోజు నుంచి జవాబు రాద్దామని కూర్చుని లేస్తున్నాను.

మీ ఫోన్ తర్వాత ఇక్కడ ఏమైందో తెలుసుకోండి. ఆయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "నా గురించి హేమకి ఏం అబద్ధం చెప్పావు?" అన్నారు. అత్తయ్యగారు అలా పోయారని నీకు బెంగ అనీ, ఆయన్ని పరీక్ష చేయించుకోమని నువ్వు రాశావనీ, నేను పట్టించుకోక, చేయించుకున్నారని నీకు చెప్పేశాననీ అన్నాను. అది సగం నిజం. "అమ్మ పోయి పన్నెండేళ్ళయింది, ఇప్పుడు ఆవిడ రక్తంలో కూడా తప్పులు వెతకాలా?" అన్నారు. వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నీతో అసలు మాట్లాడనన్నారు. చూశావా, కోపంలో కూడా మీరు అనడం నాకు చేతకాలేదు.

హేమా, అది మీ అన్నయ్యకి కాదు. నాకు.

అభినవ్ కడుపులో ఉన్నప్పుడు రక్త పరీక్షలో బయటపడింది. కాన్పులు చూసే మిడ్‌వైఫ్ ఆ మాట చెప్పినప్పుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. మా ఆయనకి టీకాలు అయిపోయాయి, ఈ సంగతి నేనే చెబుతాను అని ఆవిడతో అబద్ధమాడాను. అభినవ్‌కి పుట్టిన రోజే ఇంజెక్షన్లు వేశారు, తర్వాత పరీక్ష కూడా చేశారు, వాడు క్షేమం. ఆయనకి మాత్రం చెప్పలేదు. అప్పట్లో అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు. నా చేతి వంట తింటారో లేదోనని భయపడ్డాను. కలిసి తింటే రాదని మిడ్‌వైఫ్ చెప్పింది. అది నాకు తెలిస్తే సరిపోతుందా, ఆవిడకి ఎవరు చెబుతారు? తర్వాత ఆవిడ కాలేయం జబ్బుతోనే పోయారు. ఇక ఏ నోటితో చెప్పను?

రెండేళ్ళ క్రితం కాలేయం కాస్త దెబ్బతిందని ఆసుపత్రిలో మాత్రలు మొదలుపెట్టారు. డేకేర్ లాకర్లో దాచుకుని, అక్కడే వేసుకునేదాన్ని. శనాదివారాలకి రెండు మాత్రలు పర్సులో.

నీ మొదటి ఉత్తరం వచ్చింది. అందరూ ఒకేసారి చేయించుకోండి, లేకపోతే ఆగస్టులో వరసగా కూర్చోబెడతానన్నావు. నా చేతికి సూది గుచ్చేది నువ్వే అనుకున్నాను. మా పక్క వీధి రాజేశ్వరమ్మ ఆంటీ ఊరి నుంచి కామెర్లకి మజ్జిగలో కలిపి తాగే పసరు పొడి తెప్పిస్తుంది. ఒక మండలం పథ్యం చేస్తే రక్తంలో ఆనవాలు కూడా ఉండదంది. పథ్యంలో ఇంగ్లీషు మందు పనికిరాదంది. నువ్వు పరీక్ష చేసేనాటికి శుభ్రంగా ఉందామనుకున్నాను. బీఎస్సీ చదివినదాన్నే, అయినా అనుకున్నాను.

అంటించే ఉంటాడు అని రాశావు. పదహారేళ్ళుగా ఆ మాటని నేను రెండో వైపు నుంచి మోస్తున్నాను. ఆయనకి దగ్గు వచ్చినా అదే, జ్వరం వచ్చినా అదే. నువ్వు ఎంత తేలిగ్గా రాశావు.

పొడి అయిపోయింది. ఒంట్లో బాగాలేదు.

రమామణి

&nbsp;

ఇన్వర్‌కార్గిల్,
4 మే, మధ్యాహ్నం

వదినా,

ఫోన్ ఎత్తడం లేదు నువ్వు. కాబట్టి ఇది చదువు, చదివిన వెంటనే లే.

నా మాటలకి తర్వాత తిట్టు, ఎంత కావాలంటే అంత. చప్పిడి తిండి అని నువ్వే రాశావు, నేను మొక్కేననుకున్నాను. మజ్జిగ అని రాశావు, దాటేశాను. కంప్యూటరు అడిగితే సరైన చోట టిక్కు పెట్టాను. అదే ప్రశ్న నువ్వు అడిగితే నీ మొహం చూడలేదు.

అద్దంలో కళ్ళ తెల్లగుడ్డు చూసుకో. మూత్రం రంగు చూసుకో. పసుపు కనిపిస్తే, వాంతులుంటే, మాట తడబడితే ఇప్పుడే ఎమర్జెన్సీకి వెళ్ళు. అవేమీ లేకపోయినా రేపు పొద్దున్నే మీ డాక్టరు దగ్గర రక్తం ఇవ్వు. మాత్రలు ఎప్పుడు ఆపావో, ఏ పొడి తిన్నావో దాచకుండా చెప్పు. ఎవరూ తిట్టరు, తిడితే నాకు చెప్పు. మందు మళ్ళీ మొదలుపెట్టాల్సింది వాళ్ళే, నేను కాదు. నేను ఇక్కడ కూర్చుని రాసిస్తే ఆ మాత్ర కూడా లాకర్లోకే వెళుతుంది. నీ కాలేయం ఎలా ఉందో చూసేవాళ్ళు ఉండరు.

శనివారం విమానానికి టికెట్ తీసుకున్నాను. అన్నయ్యకి నేను చెప్పను, అది నువ్వు చెప్పాల్సిన మాట. నువ్వు చెప్పకపోతే ఊరికే చుట్టపుచూపుగా వచ్చినదానిలాగే ఉంటాను. కానీ శనివారం దాకా ఆగకు.

హేమ

&nbsp;

బోటనీ డౌన్స్,
1 జూన్

హేమా,

నువ్వు తిరిగి వెళ్ళాక ఇల్లు బోసిగా ఉంది. నువ్వు ఉన్న నాలుగు రోజులూ నేను మంచం మీద, మీ అన్నయ్య పక్కన, మనం మాట్లాడుకుందే లేదు. నువ్వు రాకముందు ఏమైందో నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు.

నువ్వు లే అన్న రోజు నేను లేవలేదు. మర్నాడు డేకేర్‌లో పిల్లల ఫొటోలు, ఇద్దరు టీచర్లు సెలవు. ఒక్కరోజే కదా అనుకున్నాను. మంగళవారం పొద్దున అభినవ్ టోస్టు తింటూ నన్ను చూసి, ఇంగ్లీషులోనే, "అమ్మా, నీ కళ్ళు పచ్చగా ఉన్నాయి" అన్నాడు. తర్వాత తెలుగులో మళ్ళీ అన్నాడు. వాడు తనంతట తాను తెలుగు మాట్లాడేసరికి నాకు అప్పుడు భయం వేసింది.

మీ అన్నయ్యే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దారిలో చెబుదామనుకున్నాను, ప్రతి సిగ్నల్ దగ్గరా. చెప్పలేదు. లోపల ఒక కుర్ర డాక్టరు కంప్యూటరు చూస్తూ, "హెపటైటిస్ బి మాత్రలు ఎప్పుడు ఆపారు?" అని మామూలుగా అడిగేశాడు. మీ అన్నయ్య నా వైపు చూశారు. "మార్చిలో" అన్నాను. డాక్టరు రాసుకున్నాడు. "మొదలెప్పుడు?" అన్నారు మీ అన్నయ్య, తెలుగులో. "అభినవ్ అప్పుడు" అన్నాను.

లేచి బయటికెళ్ళారు. ఇక రారనుకున్నాను, హేమా. నిజంగానే అనుకున్నాను. చాలాసేపటికి వచ్చి, నాకు రక్తం తీస్తున్న నర్సు పక్కన నిలబడి చొక్కా చెయ్యి పైకి మడిచారు. నాది కూడా తీయండి అన్నారు. ఆ నర్సుకి నవ్వొచ్చింది, ఇక్కడ కాదు, మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండంది. "అయితే ఇవాళే వెళతాను" అన్నారు. అంతే, నన్ను ఇంకేమీ అడగలేదు. రెండో రోజు మాత్రం, "పదహారేళ్ళు నీకు నేను పరాయివాణ్ణా?" అన్నారు.

మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. వాపు తగ్గుతోంది, అంకెలు దిగుతున్నాయి. ఇంకో వారం ఆగి ఉంటే కాలేయం మార్పిడి గురించి మాట్లాడాల్సి వచ్చేదని పెద్ద డాక్టరు చెప్పింది. ఆంటీకి ఫోన్ చేసి ఇకపై ఆ పొడి ఎవరికీ ఇవ్వద్దన్నాను. పథ్యం సరిగా చేసి ఉండవంది.

మీ అన్నయ్య ఫలితం వచ్చింది. ఎప్పుడో వచ్చి, దానంతట అదే పోయిందట. ఇప్పుడు జబ్బు లేదు. ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి అని నేను డాక్టరుని అడిగాను. రక్తం అది చెప్పదంది. నా నుంచే అంటాను. ఆయన, "కాదు, మా అమ్మ నుంచే, చిన్నప్పుడే వచ్చి పోయి ఉంటుంది" అంటారు. మొన్నటిదాకా వాళ్ళమ్మ మాట ఎత్తితే ఊరుకోని మనిషి, ఇప్పుడు తానే పట్టుబట్టి ఆవిడదే అంటున్నారు. నాకు అది వినలేకుండా ఉంది.

నువ్వు చెప్పు. ఆడపడుచుగా వద్దు, డాక్టరుగా చెప్పు. ఎవరి నుంచి?

రమామణి

&nbsp;

ఇన్వర్‌కార్గిల్,
8 జూన్

వదినా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. ఏం రాయాలో తెలియక కాదు, రాయాలా వద్దా అని.

ఈలోగా నా కేసుల చర్చ అయింది. బ్లఫ్ రేవు వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన గురించి చెప్పాను. అంకెలన్నీ సరిగ్గా చెప్పాను. ఫియోనా అంతా విని, "ఆయన భార్యకి తెలుసా?" అంది. నేను అడగలేదన్నాను. "అడగండి. ఆయన ఒప్పుకోకపోతే ఎందుకని అడగండి, జవాబు కోసం ఆగండి" అంది. పత్రం ఇచ్చారు. మర్నాడు ఆయన వస్తే మందు రాసి, అడిగాను. ఆయన చాలాసేపు టోపీ తిప్పుతూ కూర్చున్నాడు. నేను ఆగాను. బయట ముగ్గురు పేషెంట్లు ఉన్నా ఆగాను. వచ్చే వారం ఆవిడని తీసుకొస్తానని వెళ్ళాడు. తెస్తాడో లేదో.

ఇక నీ ప్రశ్న. నువ్వు అడిగావు కాబట్టి నాకు తెలిసింది రాస్తాను. పుట్టుకతో వచ్చిన జబ్బు ఎక్కువమందిలో ఉండిపోతుంది. పెద్దయ్యాక వస్తే ఎక్కువమంది ఒళ్ళు దాన్ని వదిలించుకుంటుంది. నీలో ఉండిపోయింది కాబట్టి నీకు పసితనంలోనే, బహుశా మీ అమ్మగారి నుంచే వచ్చింది. ఆవిడకీ, మీ చెల్లెలికీ పరీక్ష చేయించు, ఇది మాత్రం వాయిదా వేయకు. మా అమ్మకి అసలు ఈ జబ్బే ఉందో లేదో ఎవరూ చూడలేదు, ఇక చూడలేం. నేను ఊహించుకున్నానంతే. అన్నయ్యకి వచ్చి పోయిందంటే, ఏది ఎక్కువ సాధ్యమో చెప్పమంటే, నీ నుంచే కావచ్చు. ఖాయంగా చెప్పలేను. అబద్ధం రాయడానికి రెండుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను. నీకు ఇప్పటికే అందరూ కావాల్సినన్ని మంచి అబద్ధాలు చెప్పారు, నువ్వూ మాకు చెప్పావు.

కానీ ఇది కూడా నిజమే, డాక్టరుగానే రాస్తున్నాను. అలా వచ్చినదాన్ని వాడి ఒళ్ళు మీ ఇద్దరికీ తెలియకుండా ఎప్పుడో గెలిచేసింది. ఏదో ఒక జ్వరం అనుకుని నువ్వు చారన్నం పెట్టి ఉంటావు, వాడు తిని ఆఫీసుకి వెళ్ళి ఉంటాడు. నీ నుంచి వాడికి మళ్ళీ రాదు. నువ్వు పదహారేళ్ళు భయపడిన పని జరగాల్సి ఉంటే జరిగిపోయింది, అయిపోయింది, వాడు బతికే ఉన్నాడు. ముందు ముందు ఎప్పుడైనా గట్టి మందులు వాడాల్సి వస్తే మాత్రం ఈ సంగతి డాక్టర్లకి చెప్పాలి, అంతే.

అంటించే ఉంటాడు అని నేను రాసిన మాట ఉంది. అది వెనక్కి తీసుకోలేను. ఇప్పుడు ఎవరి గురించీ ఆ మాట రాయలేకపోతున్నాను.

అన్నయ్య అమ్మ నుంచే అంటే కాదనకు, వదినా. వాణ్ణి అననివ్వు. నువ్వు నమ్మాల్సిన పని లేదు.

హేమ